యోచించడమైనది

మామయ్యకు నమస్కారాలు.

మీరంతా క్షేమమని తలుస్తాను. నేను మాత్రం కాదు. పొద్దున్నే మా మేనేజరు నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. "సంస్థాగత పునర్వ్యవస్థీకరణ దృష్ట్యా తమ సామర్థ్యమును సముచిత రీతిన వినియోగించుకొను విషయమై యోచించడమైనది." ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా? పక్క సీటావిణ్ణి అడిగితే జాలిగా చూసి చాక్లెట్ ఇచ్చింది. ఇదే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు రాసి రిటైరైన మీరే చెప్పాలి.

మీ మేనకోడలు

తా.క.: ఎందుకైనా మంచిదని నా నీళ్ళ సీసా ఇంటికి తెచ్చేసుకున్నాను.

---

అమ్మాయికి ఆశీస్సులు.

రాసినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడు. "యోచించడమైనది" అన్నారంటే యోచన అయిపోయిందనే. అర్థం అడిగావో, చులకనైపోతావు. అదే భాషలో తిప్పికొట్టు: "తమ యోచనను శిరసావహించుచు, తదనుగుణమగు నా యోచనను సకాలమున నివేదించుకొనగలను."

మామయ్య

తా.క.: దీనికి అర్థమేమిటని నన్నడక్కు.

---

మామయ్యకు వణుకుతూ నమస్కారాలు.

మీరు చెప్పినట్టే రాసిచ్చాను. మేనేజరు మూడుసార్లు చదివి తలుపేసుకున్నాడు. ఇవాళ ఇంకో కాగితం వచ్చింది: "తమ స్పందనలోని ఆంతర్యమును సంస్థ సాదరముగా గ్రహించినది." ఇంటి అద్దె, తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తున్నాయి. నాకు భయంగా ఉంది.

మీ మేనకోడలు

తా.క.: పూలకుండీ కూడా తెచ్చేశాను. వాచ్‌మన్ గేటు దాకా మోసిపెట్టాడు. ఇంతకుముందు పలకరించేవాడు కూడా కాదు.

---

అమ్మాయికి ఆశీస్సులు.

తప్పు నాదే. "సాదరముగా" అన్న మాట మేం వీడ్కోలు సభల్లోనే వాడేవాళ్ళం. నాకు అన్నం సహించడం లేదు. రేపే లోపలికి వెళ్ళి, మామూలు మాటల్లో అడిగెయ్.

మామయ్య

తా.క.: మీ అత్తయ్య నన్ను మామూలు మాటల్లోనే తిడుతోంది. అవి ఇక్కడ రాయలేను.

---

మామయ్యకు నమస్కారాలు.

అడిగేశాను. మేనేజరు తలుపు గడియపెట్టి, గొంతు తగ్గించి, "ముందు నువ్వు రాసినదానికి అర్థం చెప్పమ్మా. రాజీనామా ఇస్తావేమోనని హడలిపోతున్నాను" అన్నాడు. నాకూ తెలీదన్నాను. మరి ఆయనిచ్చిన కాగితానికి అర్థమేమిటన్నాను. ఆయనకూ తెలీదట. మా గదికి రంగులేస్తున్నారు, వారం రోజులు పైఅంతస్తులో కూర్చోమని చెప్పాలనుకున్నాడట. ఉత్తరం ఉత్తరంలా ఉండాలని బీరువాలోని నమూనా ఫైలు చూసి దించేశాడు. వచ్చిన ప్రతి మేనేజరూ అంతేనట.

ఉద్యోగం ఉంది మామయ్యా. అన్నం తినండి.

మీ మేనకోడలు

తా.క.: ఆ నమూనా కాగితం చూపించాడు. కింద సంతకం మీదే. పక్కన పెన్సిల్‌తో మీ చేతిరాతే: "ఎవరైనా అర్థం అడిగితే మార్చాలి."