నత్త నావ మానేసిన నలభై రోజులు

మార్చి 5, బుధవారం

ఉదయం 5.10. కోడి ఇంకా లేవలేదు. నేను లేచాను!

ఇవాళ్టి నుంచి శ్రమదినాలు. ఈస్టర్ దాకా నలభై రోజులు ఇష్టమైనది ఏదో ఒకటి వదులుకోవాలి. మా ఆవిడ గ్లోరీ ప్రతి ఏడూ మాంసం వదులుతుంది. నేను ప్రతి ఏడూ వంకాయ వదులుతాను. నిన్న అన్నం దగ్గర అడిగేసింది.

"వంకాయ నువ్వు మామూలు రోజులల్ల గూడ ముట్టవు గదా. దేవునికి తెల్వదనుకుంటున్నవా?"

రోషం వచ్చింది. అందుకే ఈసారి ప్రాణంతో సమానమైనది వదులుతున్నాను. నత్త నావ!

రేపు మనవలు ఈ డైరీ చదివితే తెలియాలి కదా, రాసిపెడుతున్నా. నత్త నావ అంటే టీవీలో సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరున్నరకు వచ్చే బొమ్మల సీరియల్. కెప్టెన్ నిదానం అనే నత్త తన గుల్లనే ఓడ చేసుకుని చుక్కల మధ్య తిరుగుతుంది. తోడు ఒక గబ్బిలం. రోజుకో గ్రహం. ఎక్కడ ఎవరితో తగువొచ్చినా కెప్టెన్ కోప్పడదు. తన గుల్ల విప్పి ఎదుటివాడికి ఇస్తుంది, వాడి గుల్లలోకి తాను దూరి కాసేపు కూర్చుంటుంది. దాని పేరు గుల్ల మార్పిడి. మాట్లాడటం ఆ తర్వాతే.

మా అమ్మాయి మనస్విని ఐదో తరగతిలో చూడటం మొదలుపెట్టింది. ఎనిమిదికొచ్చి మానేసింది. నేను మానలేదు. నాకు నలభై మూడేళ్ళు. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ని.

నియమాలు:
1. ఆరున్నరకు టీవీ ఉన్న గదిలో ఉండరాదు.
2. ఫోన్‌లో ముక్కలు కూడా చూడరాదు.
3. "కథ ఎందాక వచ్చింది?" అని పక్కింటి పిల్లల్ని అడగరాదు.
4. టైటిల్ పాట కూనిరాగం తీయరాదు.

ఇట్లు, డానియల్. సాక్షి: గ్లోరీ (నవ్వుతూ సంతకం పెట్టింది).

మార్చి 6, గురువారం

6.25. నడకకు బయల్దేరాను.
6.31. పక్కింట్లోంచి టైటిల్ పాట. వేగం పెంచాను.
6.45. క్వారీ రోడ్డు. దుమ్ము. దగ్గు.
7.02. ఇల్లు. విజయం! ఇంత తేలికా! మనిషి తలచుకుంటే కానిదేముంది!

మార్చి 9, ఆదివారం

కొంప మునిగింది.

చర్చి ప్రార్థనలో పాస్టరు అయ్యగారు "ఎవరైనా సాక్ష్యం చెప్తరా?" అన్నారు. నాలుగు రోజుల విజయం లోపల కుతకుతలాడుతోంది. లేచాను. మైకు పట్టుకున్నాను. నలుగురిలో బొమ్మల సీరియల్ అనడానికి నోరు రాలేదు. పేరు ఎత్తకుండా చెప్పేశాను.

"మూడేళ్ల సంది సాయంత్రం ఆరున్నరైతే నా కాళ్ళు నా మాట వినలే. పనులు ఇడిసిపెట్టి ఉరికేటోన్ని. భార్య తిట్టినా, బిడ్డ నవ్వినా మానలే. ఇప్పుడు మానేసిన!"

"స్తోత్రం!" అని చర్చి అంతా లేచింది. మరియమ్మవ్వ బోరున ఏడ్చింది. అయ్యగారు నా నెత్తి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, చెవిలో మెల్లగా అడిగారు.

"ఇంట్ల సీసాలు ఏమన్న మిగిలినయా డానియల్?"

అప్పుడు అర్థమైంది. ఊరంతా నేను తాగుడు మానేశాననుకుంటోంది. నేను జన్మలో తాగలేదు! కల్లు కూడా!

ఇంటికొచ్చేదాకా గ్లోరీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికొచ్చాక కొంగు తీసేసి నవ్వింది. వచ్చే ఆదివారం సరిచేస్తాను.

మార్చి 10, సోమవారం

గేటు దగ్గర సెక్యూరిటీ జానయ్య చెయ్యి కలిపాడు. క్యాంటీన్‌లో మజ్జిగ రెండు గ్లాసులు పోశారు. తాగని తాగుడు మానేస్తే ఇంత గౌరవమా!

సాయంత్రం ఆరింటికి సైదులు వచ్చాడు. మా ఫ్యాక్టరీలోనే బస్తాల లోడింగు. ఇల్లు చర్చి వెనకే. మంచివాడు. ఆరున్నర అయిందంటే వైన్స్ ముందు ఉంటాడు, ఎనిమిదిన్నరకు ఎవరో ఒకరు తీసుకొచ్చి ఇంటి గేటు దగ్గర దించిపోతారు. మొన్న డాక్టరు కాలేయం పాడవుతోందని, ఇంక ముట్టొద్దని గట్టిగా చెప్పాడట.

"మైకుల విన్న అన్నా. నువ్వు మాన్తే నేను మానలేనా? గా ఆరున్నర గండం దాటేదాక జర నీ పక్కన కూసుంట. గంతే."

నిజం చెబుదామని నోరు తెరిచాను. వాడి వెనక బిక్షమ్మ, వాడి భార్య. చేతిలో టిఫిను డబ్బా. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం.

"నీ పేరు చెప్పుకొని బతుకుతం డానియలన్నా," అంది.

నోరు మూసుకున్నాను. రొట్టెలు మటుకు బాగున్నాయి.

మార్చి 12, బుధవారం

మూడో సాయంత్రం. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గోడ గడియారం చూశాం.

6.31. సైదులు: "టైమెంత అన్నా?"
6.33. "ఇప్పుడెంత?"
6.36. లేచాడు.
6.37. చెప్పుల్లో కాలు పెట్టాడు.

చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నాను. రిమోట్ దొరికింది. నొక్కేశాను.

తెర మీద కెప్టెన్ నిదానం తలకిందుల గ్రహంలో దిగుతోంది. అక్కడ వానలు కింది నుంచి పైకి కురుస్తాయి. సైదులు ఒక కాలు చెప్పులో, ఒక కాలు గడపలో అట్లాగే నిలబడ్డాడు. 7 గంటలకు చూస్తే కింద కూర్చుని ఉన్నాడు.

"మరి గాడ గొడుగులెట్ల పట్టుకుంటరన్నా?"

గమనిక: ఇది నేను చూడటం కిందికి రాదు. రోగికి కషాయం కాచేవాడికి వాసన తగులుతుంది. తాగినట్టా?

మార్చి 13, గురువారం

టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. నియమం నియమమే. కానీ సైదులు "గీ గబ్బిలం ఎవలన్నా? మంచిదా, దొంగదా?" అని అడుగుతూనే ఉన్నాడు. తిరక్కుండా ఎట్లా చెబుతాం? పదకొండు సార్లు తిరిగాను. మెడ పట్టేసింది. చివరికి కుర్చీయే తిప్పుకున్నాను.

మార్చి 16, ఆదివారం

ఒక శుభవార్త! క్యాలెండరు లెక్కపెడితే ఈస్టర్‌కు నలభై రోజులు కాదు, నలభై ఆరు. ఎందుకంటే ఆదివారాలు లెక్కలోకి రావు! పెద్దలు ఊరికే పెట్టలేదు. ఆదివారం టీవీలో వారంలో ఎపిసోడ్లన్నీ తిరిగి వేస్తారు. నాలుగు చూశాను. మనస్సాక్షి నిర్మలంగా ఉంది.

చర్చిలో మాత్రం సరిచేయలేదు. మరియమ్మవ్వ నా కోసం శుక్రవారాలు ఉపాసం ఉంటోందట. ఆ ముసలి మొహం చూసి ఎట్లా చెప్పను?

మార్చి 22, శనివారం

ఫ్యాక్టరీలో వింత. లోడింగువాళ్ళకూ లారీ డ్రైవర్లకూ రోజూ జగడమే. వీళ్ళు ఆలస్యం చేస్తున్నారని వాళ్ళు, వాళ్ళు పురుగుల్లా చూస్తున్నారని వీళ్ళు. ఇవాళ సైదులు మధ్యలోకి పోయి, "గుల్ల మార్సుదాం" అన్నాడట. ఒక డ్రైవరు నెత్తిన తువ్వాల చుట్టి ఇరవై బస్తాలు ఎత్తాడు. సైదులు రేకులా కాలుతున్న క్యాబిన్‌లో గంట కూర్చున్నాడు. డ్రైవరు నడుం పట్టుకుని దిగాడు. సైదులు చెమటతో తడిసి దిగాడు. తర్వాత ఇద్దరూ కలిసి చాయ్ తాగారు. జగడం ఈ పూటకు లేదు.

వాడికి చూపే మారిపోయింది. సాయంత్రం క్వారీ రోడ్డు మీద ఆగిపోయాడు.

"ఇరవై ఏండ్ల సంది గీ గుంత సూస్తున్న. గిది గుంత గాదన్నా. గ్రహం. సూడు, తెల్లగ, మెట్లు మెట్లు, గా కిందికి నీళ్ళు. కెప్టెన్ వస్తే ఈడనే దిగుతడు."

నేను పుట్టి పెరిగిన ఊరు. నాకెప్పుడూ అట్లా కనిపించలేదు. కొంచెం కుళ్ళుకున్నాను కూడా. అభిమానిని నేను కదా!

మార్చి 26, బుధవారం

ఈరోజు సీరియల్ అయిపోయినా సైదులు లేవలేదు. గేటు వైపు చూస్తూ అన్నాడు.

"అన్నా, పొద్దున పని చేసుకుంట చేసుకుంట బిక్షమ్మ గుల్లల కూసున్న."

"ఎట్లుంది?"

"ఆరున్నర కాడ్నించి గేటు సప్పుడు మీదనే చెవులు. నడిసి వస్తున్నడా, మోసుకొస్తున్నరా అని. గంట గాదు, రెండు గంటలు. రోజు. నాకు పది నిమిషాలకే ఊపిరాడలే అన్నా. అది ఎట్ల కూసున్నదో."

కళ్ళు మండాయి. దుమ్ము అని చెప్పాను. గ్లోరీ వంటింట్లోంచి చూసింది గానీ నవ్వలేదు.

మార్చి 28, శుక్రవారం

6.40. తలుపు చప్పుడు. అయ్యగారు!

ఇద్దరు మీసాలున్న మగవాళ్ళం, ముందు నత్త. రిమోట్ సోఫా సందులో పడింది. ఇంక అయిపోయిందనుకున్నాను. అయ్యగారు మెచ్చుకున్నారు.

"మనసు మళ్ళించుకునేతందుకు మంచి ఉపాయం డానియల్!"

కూర్చున్నారు. ప్రకటనలు వచ్చినప్పుడు "గా నత్త మల్ల తన గుల్లలకు పోతదా?" అని అడిగారు. పోతూ పోతూ బాంబు వేశారు.

"ఈస్టర్ నాడు నీ సాక్ష్యమే ముఖ్యం. హుజూర్‌నగర్ సంఘపోళ్ళు గూడ వస్తరు."

వంకాయే నయం.

ఏప్రిల్ 7, సోమవారం

తోటి ఎలక్ట్రీషియన్ మల్లయ్య సెలవు పెట్టాడు. ఈ వారం అతని షిఫ్టు నాది, మధ్యాహ్నం రెండు నుంచి పది దాకా. సైదులు వస్తే టీవీ పెట్టమని గ్లోరీకి చెప్పాను. నేను టీ విరామంలో క్యాంటీన్ వెనక ఫోన్‌లో చూశాను. రెండో నియమం కూడా పోయింది. ఉన్నవి నాలుగే కదా, ఒకదానికొకటి తోడు.

ఏప్రిల్ 10, గురువారం

ఉదయం 6.30.

నిన్న గ్లోరీ, మనస్విని కట్టంగూర్‌లో చుట్టాలింట్లో పెళ్ళికి పోయారు. సైదులుకు చెప్పాలని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఆరున్నరకు వాడొచ్చాడు. తాళం చూశాడు. కాళ్ళు వైన్స్ దిక్కే పోయాయి.

పొద్దున్నే బిక్షమ్మ వచ్చి చెప్పింది. "ఇగ రాడంట అన్నా. డానియలన్న ఒక్కనాడు తప్పలే, ఆయన మొకం ఎట్ల సూడాలె అంటుండు. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు."

ఒక్కనాడు తప్పలే!

కూర్చుని సైదులుతో గుల్ల మార్చుకున్నాను. పక్కవీధిలో ఎన్నడూ తప్పని మనిషి ఒకడున్నాడు. నేను తప్పాను. ఆ మనిషి ఇంటికి మళ్ళీ పోతానా? పోను. సచ్చినా పోను.

7.15. సైదులు ఇంటికి పోయాను. బిక్షమ్మ వాకిలి ఊడుస్తోంది. లోపల మంచం మీద వాడు ఇంకా గోడ దిక్కే ఉన్నాడు.

"సైదులూ, నేను ఎన్నడూ తాగలే."

"గదే గదన్నా, నీ తీరుగ నేను..."

"కాదురా. పుట్టిన కాడ్నించి తాగలే. చర్చిల నేను మానేసిన అన్నది నత్త నావ."

వాడు నా వైపు తిరిగాడు. పైన దూలం వైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"రోజు నా పక్కన కూసొని సూసినవ్ గదా?"

"సూసిన."

"అంటే రోజు తప్పినవా?"

"రోజు. ఇరవై తొమ్మిది సార్లు. నిన్న నువ్వు మా తాళం సూసినప్పుడు గూడ నేను క్యాంటీన్ ఎనక ఫోన్ల అదే సూస్తున్న."

చీపురు చప్పుడు ఆగింది. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా తప్పు లేదు, వాడు నమ్మి పట్టుకున్న చెయ్యి ఉత్త అబద్ధం. వాడు లేచి కూర్చుని వేళ్ళు మడిచాడు.

"నేను ముప్పై ఒక్క రోజులల్ల ఒక్కటే తప్పిన."

"ఔ."

"నువ్వు ఇరవై తొమ్మిది."

"ఔరా."

"గట్లయితే నీకంటే నేనే నయం గదన్నా!"

అని నవ్వడం మొదలుపెట్టాడు. ఆపడే! బిక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, అట్లాగే ఏడ్చింది. నేను కూడా. ఈసారి దుమ్ము అనలేదు.

"సాయంత్రం వస్త. వదినె ఊరి నుంచి వచ్చిందా?"

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

మైకు అడిగి తీసుకున్నాను. పేరుతో సహా చెప్పేశాను. నత్త, గబ్బిలం, రిమోట్, మజ్జిగ, అన్నీ.

మరియమ్మవ్వ గొంతు ఒక్కటే వినిపించింది.

"బొమ్మల కోసమా ఐదు శుక్రవారాలు నా కడుపు మాడ్చుకుంటి?"

భూమిలోకి పోతే బాగుండు అనిపించింది. అప్పుడు అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మొన్నట్నుంచి నేను గూడ ఆరున్నరకు అదే సూస్తున్న," అన్నారు. పిల్లల వరసంతా చప్పట్లు. మరియమ్మవ్వ నవ్వలేదు గానీ, బయట నా చెవి మెలిపెట్టి వదిలేసింది. ఆమెకు రేపు పళ్ళు తీసుకుపోవాలి.

గేటు దగ్గర సైదులు. "మైకుల విన్న అన్నా," అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

ఉదయం 5.10. కొత్త ఉత్సాహం! ఈస్టర్‌కు ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ ఆరైనా నిష్ఠగా. నియమాలు పైవే. గోడ క్యాలెండరు మీద సైదులుది ఎర్ర గీత, ఐదో రోజు. నాది నీలం గీత, మొదటి రోజు.

సాయంత్రం 5.30. షిఫ్టు మళ్ళీ మామూలుకొచ్చింది. ఇల్లు చేరాను. రిమోట్ గ్లోరీ చేతికిచ్చి, నడకకు చెప్పులు సిద్ధం చేసుకున్నాను.

6.20. గేటు చప్పుడు. సైదులు. వెనక సోమన్న, గోపయ్య, లోడింగువాళ్ళే. "వీళ్ళకు గూడ ఆరున్నర గండమే అన్నా. నువ్వుంటే కూసుంటమంటున్నరు."

6.25. గ్లోరీ చాయ్ పెట్టింది. మనస్విని ఫోన్ పక్కన పడేసి వచ్చి, "అంకుల్, ముందుగాల గబ్బిలం సంగతి తెల్వాలె," అని వాళ్ళకు పాఠం మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట నాకు చెప్పినట్టే.

6.28. బిక్షమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఈ వేళకు గేటు చప్పుడు మీద చెవులు పెట్టిన మనిషి. ఇవాళ గేటుకు వీపు పెట్టి కూర్చుంది.

6.30. చెప్పులు విప్పాను.

7.10. నీలం గీత చెరిపేశాను. మొదటి రోజు రేపు. ఆరు కాకపోతే ఐదు. ఇట్లు, డానియల్. సాక్షి: గ్లోరీ (సంతకం పెట్టనంది).