మూడో పిన్ను

అన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. మార్కాపురం దుకాణంలో నీ బల్ల మీదే ఇవాళ గిటార్‌కు తగిలించే ఒక ఫజ్ పెడల్ పూర్తి చేశాను. సబ్బుపెట్టెంత అల్యూమినియం డబ్బా, లోపల పాత రేడియోల్లోంచి పీకి నువ్వు దాచుకున్న రెండు ట్రాన్సిస్టర్లు. మీట తొక్కితే గిటార్ నీకిష్టమైనట్టే బొంగురుగా అరుస్తోంది.

చేయించుకున్నది మేరీ. మన చర్చిలో నీ తర్వాత గిటార్ పట్టింది ఆ పిల్లే. సాయంత్రం వచ్చి డబ్బా సంచిలో వేసుకుంటూ నవ్వింది.

"ఏందో అన్నా, మైకు ముందు పాడతా ఉంటే పెదిమలు జుమ్మంటాయి. తీగలు గూడా చురుక్కుమంటాయి."

తీగలు చురుక్కుమంటే నువ్వూ ఇట్లాగే నవ్వేవాడివి.

"ఏ ఆంప్లిఫయర్ వాడుతున్నావమ్మా?"

"పెద్దన్న వాయించినాడు గదా, అదే. బాగానే పని చేస్తాంది."

చర్చి గోడకు రెండు బొక్కల సాకెట్టే ఉందని అప్పట్లో దాని ప్లగ్గుకున్న మూడో పిన్ను, ఆ ఎర్త్ పిన్ను, మనమే తీసేశాం. నువ్వు ప్లగ్గు పట్టుకున్నావు, రంపం బ్లేడుతో కోసింది నేను. ఎర్త్ లేకపోతే కరెంటు తీగల మీదుగా ఎవరి ఒంట్లోకి పోతుందో నాకు తెలుసు. నీది గుండెపోటని అమ్మతో చెప్పింది కూడా నేనే. మేరీకి ఇప్పుడు నిజం చెబితే అది అమ్మ దాకా పోతుంది.

"జాగ్రత్తమ్మా" అని మాత్రం అన్నాను.

రేపు నీ జ్ఞాపకార్థం మొదటి పాట మేరీదే. మధ్యాహ్నం నుంచి వాన ఆగలేదు, చర్చిలో నేలంతా తడి. ఆ పిల్ల కూడా నీలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్తుంది.