నీలం దారం పొట్లాలు

ఆళ్లగడ్డ,
1957 జూన్ 9

ప్రియమైన మనుమరాలు లీలావతికి అవ్వ దీవెనలు.

మదరాసు డాక్టరు నిన్న వచ్చాడు. నా చేతిమీద మచ్చను సూదితో పొడిచి, నొప్పి లేదంటే ఎంత సంతోషించాడో! కొడుకు పుట్టాడన్నా అంత మురిసి ఉండడు. పెద్దరోగమేనట. "తగ్గుతాదా నాయనా?" అంటే, "చెయ్యి కదపొద్దు" అన్నాడు. నాకు పదిహేడో నంబరు వేసి, రెండు నెలల మాత్రలిచ్చాడు. వచ్చే వారం నంద్యాలకూ వస్తాడట. నీ వీపు మీద మచ్చ చూపించు. బడిలో మాత్రం పొక్కనివ్వకు, నీ ఉద్యోగం ఊడుతుంది.

నీ మంచి కోరే
కమలాక్షమ్మ

నంద్యాల,
సెప్టెంబరు 2

ప్రియమైన అవ్వకు,

నాకూ అదే కుష్ఠురోగం. డాక్టరిచ్చిన మాత్రలు తప్పకుండా మింగుతున్నా, మచ్చ మెడదాకా పాకింది. కొంగు కప్పుకొని పాఠం చెబుతున్నాను. "ఈ ఉక్కలో ఆ ముసుగేందమ్మా?" అని హెడ్‌మిస్ట్రెస్ సరస్వతమ్మ అడిగితే చలిజ్వరమని బొంకాను. మచ్చ పాకుతోందని డాక్టరుతో చెప్పాను. "మంచిది, కొలుద్దాం" అని టేపు తీశాడు. అద్దం చూడటం మానేశాను. చాలా భయంగా ఉందవ్వా.

నీ లీల

ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 6

చిట్టితల్లీ లీలా,

బస్సు కండక్టరు బుడేన్ చేత నా పొట్లాలు పంపుతున్నాను. నావి కొత్త సరుకని డాక్టరుగారి కాంపౌండరు జిలాని చెప్పాడు. నీవి బుడేన్‌కిచ్చి నాకు పంపు. ఇక ప్రతిసారీ ఇలాగే మార్చుకుందాం. డాక్టరుకు చెప్పకు. పంతులమ్మవైనంత మాత్రాన నన్ను ప్రశ్నలడగకు. మచ్చ సంగతి రాస్తూ ఉండు. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు అన్నం సయించదు.

ఇట్లు, నీ అవ్వ

నంద్యాల,
1958 డిసెంబరు 3

ప్రియమైన అవ్వకు,

మచ్చ వాడిపోయింది! నిన్న సూది పొడిస్తే కెవ్వుమన్నాను. కానీ డాక్టరు చిరాకు పడ్డాడు. మందు తిన్న పదిహేడో నంబరుకు ముదిరిందట, మందివ్వని నాకు తగ్గిందట. ఈ మందు పనికిరాదని రాసి, అందరికీ ఆపేస్తాడట. మరి ఇన్నాళ్లూ నాకిచ్చిందేమిటి? పదిహేడు నువ్వే కదా. నీ చెయ్యి ఎలా ఉంది? దాచకుండా రాయి.

నీ లీల

ఆళ్లగడ్డ,
డిసెంబరు 8

లీలా, నా తల్లీ,

నీకు అబద్ధం చెప్పాను. నీలం దారం కట్టిన నా పొట్లాల్లో మందు, ఎర్రదారం కట్టిన నీవాటిలో వట్టి పిండి. సగం మందికి పిండి పెట్టి, ఎవరికి ముదురుతుందో చూడటం ఆ డాక్టరు చదువు. జిలాని నోరు జారితే తెలిసింది.

మందు ఆపేస్తే నీ గతేమిటని, నిన్న డాక్టరుకు అంతా చెప్పేశాను.

"నా పరిశోధన నాశనం చేశావు, ముసలిదానా!" అని అరిచాడు.

నా చెయ్యి తీసి బల్లమీద పెట్టాను. మొన్న పొయ్యి దగ్గర అది కాలిపోతున్నా నాకు తెలియలేదు. రెండు వేళ్లు వంకరపోయాయి. చీము అంటుతుందని అతను పుస్తకం పక్కకు జరుపుకున్నాడు.

బయట జిలాని నా వెంటపడ్డాడు. "అవ్వా, ఈ మాత్రలే డోన్ ధర్మాసుపత్రిలో బేస్తవారం పూట ఊరికే ఇస్తాండారు. చెప్తే నా పని తీసేస్తానన్యాడు సారు."

"ఎప్పట్నుంచి ఇస్తాండార్రా?"

"సారు ఈడికి రాకముందు నుంచే."

పూట ప్రయాణం, లీలా. నీ ఊళ్లో రైలెక్కితే చాలు.

సెలవు పెట్టు, కడుపునొప్పని రాయి. బేస్తవారం పోదాం. నాకు ధైర్యం చెప్పకు, వినే ఓపిక లేదు. ఇక ఏ డాక్టరు ఏ మాత్ర చేతిలో పెట్టినా మందని నమ్మలేననే నా భయం. నువ్వు ఎదురుగా కూర్చుని ముందు మింగు. నీ ముఖం చూసి నేను మింగుతాను.

నీ రాకకై చూస్తూ,
అవ్వ