రాలేదు

నగరం గ్రామం,
2-12-1983, శుక్రవారం.

చిరంజీవి ఎస్తేరుకు,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి 'అందరం' అనడం వ్యాకరణానికి కుదరదు. నేను క్షేమం. విశాఖపట్నంలో నువ్వూ, నీ గదిలో ఉండే తోటి నర్సులూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు పద్దెనిమిదో తారీఖున రాసిన ఉత్తరం ఇరవై మూడున చేరింది. జవాబు ఆలస్యమైంది. మధ్యలో గుంటూరు వెళ్ళి వచ్చాను. కంగారు పడకు, కంటి కోసం కాదు. కుడి కన్ను అలాగే ఉంది. మసక తగ్గలేదు, పెరగనూ లేదు. చుక్కల మందు రోజుకు మూడుసార్లు వేసుకుంటున్నాను. వంటింటి పెంకులు వానలకు ముందే సర్దించాను. ఒక్కచోట మాత్రం కారుతోంది, అక్కడ గిన్నె పెట్టాను. నీ ఉత్తరంలో రెండుచోట్ల 'జాగర్త' అని రాశావు. 'జాగ్రత్త' అని రాయాలి.

ఇంకా రెండు ప్రశ్నలు అడిగావు. మీ ఆసుపత్రిలో నర్సులందరూ సంఘం పెట్టుకుంటున్నారు, ఆ కాగితం మీద సంతకం పెట్టమంటావా వద్దంటావా అన్నది ఒకటి. ప్రతి ఉత్తరంలోనూ 'చిన్నమ్మలు కులాసా' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటున్నావేమిటి, రాత్రిళ్ళు నీకు తోడుగా మన వరండాలో పడుకోవడానికి వస్తోందా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చెబితే గాని మొదటిదానికి చెప్పలేను.

చిన్నమ్మలు రావడం లేదు. జనవరి నుంచీ రావడం లేదు. కులాసా అని నేను రాసినవన్నీ ఊహించి రాసినవి.

నువ్వు హాస్టల్లో ఉండి చదువుకున్న ఏళ్ళలో ఇక్కడి సంగతులు నీకు పూర్తిగా తెలియవు. మొదటి నుంచీ రాస్తాను. నేను రిటైరైన ఏడాది సూర్యారావు మన ఇంటికి వచ్చాడు. కొబ్బరి పీచు ఫ్యాక్టరీ అప్పుడే పెట్టాడు. అయిదో తరగతిలో నా దగ్గర చదివినవాడు. "టీచరుగారండీ, లేబరు ఆఫీసు వాళ్ళు హాజరు రిజిస్టరు చూపించమంటున్నారు. మీ చేతిరాత చూస్తే ఇంకెవరూ నోరెత్తరండి," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చకపోతే బాగుండేది. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు పీచు ఆరబెట్టి తాళ్ళు పేనేవారు. ఉదయం ఎనిమిదికి ముందు నేను వెళ్ళి కూర్చుని పేర్లు పిలిచేదాన్ని. బడిలో పిలిచినట్టే పిలిచేదాన్ని, వాళ్ళూ బడిపిల్లల్లాగే పలికేవారు. వాళ్ళలో సగం మంది నా దగ్గర రెండో తరగతో మూడో తరగతో చదివి మానేసినవాళ్ళే. చిన్నమ్మలు మూడు.

వాన పడితే పీచు ఆరదు. కరెంటు పోతే మిషను ఆడదు. అలాంటి రోజున మేస్త్రీ వీరబాబు పేటకు కబురు పంపేవాడు, ఇవాళ పని లేదు, ఎవరూ రావద్దని. నాకు మాత్రం ఆ కబురు వచ్చేది కాదు. వచ్చినా నేను వెళ్ళేదాన్ని. మొదటిసారి అలా జరిగినప్పుడు, వీళ్ళ పేర్ల ఎదురుగా ఏం రాయమంటావని వీరబాబునే అడిగాను.

"వచ్చేరాండీ?" అన్నాడు.

"రాలేదు."

"మరింకేంటండీ, రాలేదని రాసెయ్యండి."

నిజమే కదా అనిపించింది. బడిలో వరదలొచ్చినప్పుడు కూడా రాని పిల్లల ఎదురుగా 'రాలేదు' అనే రాశాను. ఎందుకు రాలేదన్నది రిజిస్టరు పని కాదు. తొమ్మిదేళ్ళు అలాగే రాశాను. ఒక్క కొట్టివేత లేదు.

కిందటేడు అమలాపురం నుంచి తాతబ్బాయి అనే అతను వచ్చి వీళ్ళ చేత యూనియన్ పెట్టించాడు. అప్పుడు నేను నీకేం చెప్పానో నాకు గుర్తుంది. యూనియన్లంటే పనిదొంగల గుంపు అన్నాను. రెండు నెలలు తిరక్కుండా సూర్యారావు పదకొండు మందిని మాన్పించేశాడు. చిన్నమ్మలు ఒకతె. ముందుండి మాట్లాడినది అచ్చాయమ్మ, ఆవిడ పనీ పోయింది. ఒక ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేసిన మనిషిని నోటీసూ పరిహారమూ ఇవ్వకుండా తీసెయ్యకూడదని చట్టం ఉందట. తాతబ్బాయి ఆ చట్టం పట్టుకుని లేబరు ఆఫీసులో కాగితం పెట్టాడు. ఆఫీసరు రిజిస్టరు తెప్పించాడు. దాని ప్రకారం చిన్నమ్మలు పనిచేసినవి రెండు వందల పదకొండు రోజులు. వీరబాబు రావద్దన్న రోజులు ముప్ఫై నాలుగు. అవి కలిపితే రెండు వందల నలభై అయిదు. మిగిలిన పదిమంది లెక్కా ఇంచుమించు అంతే.

జనవరిలో నన్ను అమలాపురం పిలిపించారు. ఆఫీసరు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. కుర్చీ వేయించి, ఈ చేతిరాత మీదేనా అని అడిగాడు. నాదేనన్నాను. ఆ పదకొండు మందీ గుమ్మం బయట నిలబడి ఉన్నారు. లోపలికి వినిపించేంత దూరం.

"'రాలేదు' అని రాసిన ఈ రోజుల్లో వీళ్ళు పిలిచినా రాలేదా, రావద్దంటే రాలేదా అమ్మా? ఆ రోజులు లెక్కలోకి వస్తాయో రావో తరవాత సంగతి. ముందు సంగతి ఎవరైనా చెప్పాలి కదండీ," అన్నాడు.

ఎస్తేరూ, ఇదే నేను పది నెలలుగా నీ దగ్గర దాచినది. రావద్దంటేనే వాళ్ళు రాలేదని నాకు తెలుసు. ఎవరూ నన్ను బెదిరించలేదు, సూర్యారావు ఆ రోజు అక్కడ లేనే లేడు. అయినా నేను ఏమన్నానంటే, "నా రిజిస్టరులో తప్పుండదండీ," అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే మాట చెప్పాను. నా రాతలో తప్పుందని నా నోటితో నేనే చెప్పడం నావల్ల కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బోడసకుర్రు రేవులో గోదావరి దాటడానికి అందరం ఒకే పంటు ఎక్కాం. అచ్చాయమ్మ నావైపు చూడకుండా అంది, "ఊరుకోండే. టీచరుగారికి నూటికి నూరూ వచ్చేయి. మనమే ఫెయిలయ్యేం." కొందరు నవ్వారు. చిన్నమ్మలు నవ్వలేదు. ఒడ్డుకు చేరాక నా దగ్గరికి వచ్చి, "రాలేదు కాదండీ టీచరుగారూ, రానివ్వలేదండీ," అని వెళ్ళిపోయింది. కోపంగా కూడా అనలేదు. పలక మీద నేను దిద్దించినట్టు నాకు దిద్ది చెప్పింది.

ఆ రాత్రి నుంచీ వరండా ఖాళీ. ఉత్తరాలు చదివించుకోవడానికి వచ్చేవాళ్ళు మానేశారు. ఆదివారం ప్రార్థనకు గుడిలో నా చాప పక్కన జాగా వదిలి కూర్చుంటున్నారు. నేను ప్రతిరోజూ ఫ్యాక్టరీకి వెళ్ళాను, మిగిలిన పదిహేడు పేర్లు పిలిచాను. పలుకుతున్నారు గాని తల ఎత్తడం లేదు. చిన్నమ్మలు ఇప్పుడు పోలవరం వైపు చెరువు గట్లకు మన్ను మోస్తోందట. వారానికోసారి వస్తుందట. ఇవన్నీ ఒకరి దగ్గర విన్నవే.

అక్టోబరులో వాన పట్టింది. పదకొండో తారీఖున నేను వెళ్ళేసరికి షెడ్డులో ఎవరూ లేరు. కలం తీసి మొదటి పేరు ఎదురుగా పెట్టాను. 'రాలేదు' అని రాయబోయి ఆగాను. పదిహేడు పేర్లకూ 'పని లేదు' అని రాశాను. వీరబాబు భుజం మీదుగా చూసి, "ఇదేంటండీ, కొత్త మాట రాస్తున్నారు?" అన్నాడు. తొమ్మిదేళ్ళ క్రితం రాయవలసిన మాట అని చెప్పాను. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక అమలాపురం వెళ్ళి తాతబ్బాయిని కలిశాను. అతను నన్ను ఏమీ అనలేదు. కేసు గుంటూరు లేబరు కోర్టుకు వెళ్ళిందనీ, సాక్ష్యం చెబితే సూర్యారావు ప్లీడరు నన్ను వదలడనీ మాత్రం అన్నాడు.

వదల్లేదు. నవంబరు ఇరవై ఎనిమిదిన నన్ను బోనులో గంటన్నర నిలబెట్టాడు. "ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, 'రాలేదు' అంటే అర్థం తెలియకుండానే రాశారా?" అన్నాడు.

"తెలిసే రాశానండి. ఎవరు రావద్దన్నారో రాయలేదు."

"జనవరిలో రిజిస్టరులో తప్పుండదన్నారు. ఇప్పుడు తప్పంటున్నారు. ఏది అబద్ధం?"

"జనవరిలో చెప్పింది అబద్ధమండి."

జడ్జిగారు ఆ మాట రాసుకున్నారు. తీర్పు ఎప్పుడో చెప్పలేదు. అబద్ధమాడానని ఒప్పుకున్నదాని మాట నమ్ముతారో నమ్మరో తాతబ్బాయికీ తెలియదు. వచ్చేటప్పుడు రేవులో, వాయిదాకు వచ్చిన చిన్నమ్మలు నా చేతిలో సంచీ తీసుకుంది. అవతలి ఒడ్డున సంచీ ఇచ్చి తన దారిన వెళ్ళింది. నేను పిలవలేదు. ఏమని పిలవను?

ముప్ఫయ్యో తారీఖు ఉదయం వీరబాబు మన గుమ్మంలోకి వచ్చాడు. "రేపట్నుంచి మీరు శ్రమ పడొద్దన్నారండి అయ్యగారు," అన్నాడు. ఆయ్, అలాగేనన్నాను. గొడవ లేకుండా అయిపోయింది.

ఇక నీ మొదటి ప్రశ్న. యూనియన్ల గురించి నేను అన్న మాట కొట్టేస్తున్నాను. కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివి, అర్థం కానిది అడిగి, సంతకం పెట్టు. పెట్టి ఊరుకోకు. నీ పేరు ఎదురుగా ఏం రాస్తున్నారో నెలకోసారి నీ కళ్ళతో చూడు. రాసేది ఎంత మంచి మనిషైనా సరే, చూడు.

నిన్న తాతబ్బాయి సైకిలు మీద ఇంతదూరం వచ్చాడు. నన్ను మాన్పించారని విన్నాడట. "మీరూ తొమ్మిదేళ్ళు చేసేరు కదండీ, మీ తరఫునా కాగితం పెడదాం. రిజిస్టరులో మీ పేరు ఎన్నో నంబరండీ?" అని అడిగాడు. తొమ్మిదేళ్ళలో అందరి పేర్లూ పిలిచాను, అందరి పేర్లూ రాశాను. నా పేరు ఏ పేజీలోనూ లేదు. రాయమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. ఎవరైనా సాక్షులు ఉంటారు కదండీ అన్నాడు. మామూలు రోజులకు చిన్నమ్మలు చెప్పినా చెబుతుంది, అడిగే ముఖం నాకు ఉంటే. వాన రోజుల్లో మాత్రం ఆ షెడ్డులో నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. నేను వచ్చానని చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

ఇట్లు,
నీ దగ్గర ఇంకేమీ దాచని అమ్మమ్మ,
మార్తమ్మ.