ఏ అక్షరం దగ్గర ఆగుతుందో

యూనివర్సిటీ క్వార్టర్స్,
తార్నాక,
ఆదివారం.

తమ్ముడు భానుప్రకాశ్‌కు అన్న సంజీవ్ దీవెనలు.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులైంది. ఇక్కడ నేను, మీ వదిన జ్యోతిర్మయి, పూర్ణిమ ఒంట్లో బాగానే ఉన్నాం. బెల్లంపల్లిలో నువ్వూ, మరదలు బాలలక్ష్మీ కులాసాగా ఉన్నారనుకుంటాను.

నువ్వడిగినవి ముందు చెప్తాను. అమ్మ కంటి ఆపరేషన్ అయి నెల దాటింది. మౌలాలిలో చెల్లె దగ్గరే ఉంది. చుక్కల మందు ఆపేశారు. అప్పుడే టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంటోందని చెల్లె కోప్పడుతోంది. నా కెమిస్ట్రీ ల్యాబులో ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి, ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటుతోంది.

ఇక నా ఉత్తరాల కింద పూర్ణి రాసే నాలుగు ముక్కలు ఈమధ్య ఎందుకు రావడం లేదని అడిగావు. జవాబు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

దానికీ నీలాగే మాట ఆగుతుందని నీకు తెలుసు. తొమ్మిదేళ్ల పిల్ల, పెద్దయితే పోతుందిలే అనుకున్నాం. జూన్ నుంచి అది మాట్లాడడం తగ్గించింది. పాలు కావాలంటే "అమ్మా, తెల్లది" అనేది. పండును "తియ్యటిది" అనేది. నేను నవ్వేవాణ్ని. ఒకరోజు ఇంటికొచ్చిన మా ల్యాబు వాళ్ల ముందు పేరు చెప్పమంటే తల వంచుకు నిలబడింది. "నోరు పడిపోయిందా?" అని అందరి ముందూ గదమాయించాను. ఆ రోజునుంచి నీకు రాయడం కూడా మానేసింది.

మూడు వారాల కిందట ల్యాబు తొందరగా మూసి, క్వార్టర్ల వెనక మైదానం దారిన వస్తున్నాను. పిట్టగోడ మీద హైస్కూలు పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. ఎదురుగా పూర్ణి. దాని బ్యాగు వాళ్లలో ఒకడి ఒళ్లో ఉంది. "పేరు చెప్పు, బ్యాగు ఇస్తం. ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెడుతున్నారు. అది "ప... ప..." అంటోంది. వాళ్లు ఆ "ప"ను పాటలా పాడుతున్నారు. నేను అరిచేసరికి బ్యాగు పారేసి ఉరికారు. పూర్ణి నా దగ్గరికి రాలేదు. ఉన్నచోటే నిలబడి, "నేనేం చెయ్యలే నాన్నా" అంది. నేను తిడతాననుకుందిరా అది.

మరునాడు ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లాను. రెండిళ్లవాళ్లు పిల్లల్ని పిలిచి నా ముందే తప్పు ఒప్పించారు. మూడో ఇంటాయన "పిల్లలన్నంక ఆడుకుంటరు సార్" అన్నాడు. గొడవ పెట్టుకోలేదు కానీ ఆ పిల్లవాడు బయటికొచ్చి బ్యాగు తీసుకున్నది నిజమేనని చెప్పేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. మీ వదిన బడికి వెళ్లి టీచరుతో మాట్లాడింది. పూర్ణిని మాటల డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ దాన్ని కాదు, నన్నే ఎక్కువ అడిగింది. "పాప మాట మధ్యల ఆగితే మీరేం చేస్తరు?" అంది. మిగతా ముక్క నేనే అందిస్తానన్నాను. "అందియ్యకుండ్రి. ఎంతసేపైనా ఆగుండ్రి. మీ మొఖంల తొందర కనిపియ్యొద్దు" అంది. రోజూ సాయంత్రం దాన్ని ఆర్ట్స్ కాలేజీ వైపు నడకకు తీసుకెళ్లి ఆగడం నేర్చుకుంటున్నాను.

అలా నడుస్తుండగానే ఒకరోజు అడిగింది: "బయట నేను ప మాటలు అననే అన కదా నాన్నా. ప కాడ ఆగుతదని వాళ్లకు ఎట్ల తెలిసింది?"

తెలుసుకున్నాను. వాళ్లకు చెప్పింది మా కింది ఇంటి కిట్టు. అయిదో తరగతి. దీనికి ఒక్కగానొక్క దోస్తు. నాకు ఒళ్లు మండిపోయింది. మెట్ల దగ్గర వాడి చెయ్యి పట్టుకుని గుంజాను. రెండో చెయ్యి ఎత్తాను కూడా.

"నా సైకిల్ రోజూ గుంజుకుంటుండ్రి అంకుల్," అన్నాడు వాడు. "పూర్ణి ముచ్చట చెప్పినంక నన్ను ఇడిసిపెట్టిండ్రు."

ఎత్తిన చెయ్యి దించాను. వాడు ఏడుస్తూ లోపలికి పోయాడు.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు కాగితం పక్కన పెట్టాను, భానూ. ఇప్పుడు రాస్తాను.

నువ్వు ఆరో తరగతిలో హాస్టలుకొచ్చిన ఏడాది నాది ఎనిమిది. పదో తరగతివాళ్లు నాచేత బట్టలు ఉతికించేవాళ్లు, అది నీకు తెలుసు. తర్వాత వాళ్లు నన్ను వదిలి నీ వెంట పడ్డారు. సాయంత్రం అన్నం గంటకు ముందు నిన్ను ట్రంకు పెట్టె మీదికెక్కించి, "భానుప్రకాశ్, ప్రెజెంట్ సార్" అనమనేవాళ్లు. నువ్వు "భ" దగ్గర ఆగిపోయేవాడివి. వాళ్లకెలా తెలిసిందో నువ్వు నన్ను ఏనాడూ అడగలేదు. నేనే చెప్పాను. బట్టల మూట నా ముందు పడేసిన రోజున, "మా తమ్మునికి మాట ఆగుతది. భ అనమనుండ్రి, నవ్వొస్తది" అన్నాను. ఇవే మాటలు. ఒక్కటీ మర్చిపోలేదు. వాళ్లు నవ్వారు. ఆ రోజు నాకు బట్టలు తప్పాయి.

ఇంకొకటి. నిన్ను పెట్టె మీద నిలబెట్టినప్పుడు నేను తలుపు దగ్గరే ఉండేవాణ్ని. నువ్వు నా వైపు చూసేవాడివి. రెండుసార్లు నేనూ నవ్వాను.

దసరా సెలవులకు ఇంటికెళ్లి నువ్వు మళ్లీ రానన్నావు. "వీనికి చదువు అబ్బలే" అని నాన్న అందరితో చెప్తుంటే, పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ఏడాదిపాటు నువ్వు మేకల వెంట తిరిగావు. నేను డిగ్రీ దాకా చదివాను. నాకు ఉద్యోగం వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడింది నువ్వే. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. పిల్లవాణ్ని, భయపడ్డాను అనుకుందామంటే, పెద్దవాణ్నయ్యాక ఇరవై ఏళ్లకు పైగా దాచింది పిల్లవాడు కాదు.

మెట్ల దగ్గర జరిగిన రోజే పూర్ణిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. కిట్టు సంగతీ, నా సంగతీ.

"బాబాయ్‌కి తెలుసా?" అంది.

"తెల్వదు బిడ్డా."

మాట ఆగిందేమోనని నేనూ ఆగాను. మాట ఆగడం కాదది. ఊరికే నా ముఖం చూస్తూ కూర్చుంది. తర్వాత అంది: "రాయి. ఫ... ఫోన్‌లైతే నువ్వు మాట మారుస్తవ్."

అందుకే రాస్తున్నాను. నా అంతట నేను రాసేవాణ్నో కాదో నమ్మకంగా చెప్పలేను.

కిట్టుకు నేను క్షమాపణ చెప్పాను, చెయ్యెత్తినందుకు. తర్వాత వాళ్లమ్మ పద్మావతి వాణ్ని తీసుకొచ్చి పూర్ణి ముందు నిలబెట్టింది. వాడు సారీ అన్నాడు. పూర్ణి "ఇప్పుడే నీతోని ఆడ. ఎప్పుడు ఆడాల్నో నేను చెప్త" అంది. పద్మావతి నొచ్చుకుంది. నాకు మాత్రం ఆ మాట నచ్చింది. నువ్వు కూడా నాతో అలాగే అను. పర్వాలేదన్నా, చిన్నప్పటిది అని రాయకు. పర్వాలేదనడం నీకు అలవాటు, ఆ అలవాటు మీదే నేను ఇన్నేళ్లు బతికాను.

మొన్న బడిలో హాజరు పిలిచినప్పుడు పూర్ణి తన పేరు పూర్తిగా చెప్పిందట. చాలాసేపు పట్టిందట. టీచరమ్మ ఆగిందట.

వచ్చే ఆదివారం పొద్దున నీకు ఫోను చేస్తానంటోంది. బాబాయ్‌కి ఫోనంటే ఇష్టం ఉండదని చెప్పాను, వినలేదు. ఇద్దరిలో ఎవరి మాట ఆగినా రెండోవాళ్లు తొందరపెట్టొద్దట, ఫోను పెట్టెయ్యొద్దట. అది దాని షరతు. నీకు ఇష్టమైతేనే ఎత్తు. నేను ఆ గదిలో ఉండను.

ఇట్లు,
నీ అన్న
సంజీవ్