మొదట ఒక్క సర్వర్ మీద

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వదిన రమ్మన్నా బూర్గంపాడు రాలేకపోయాను.

ఆఫీసులో నీ పని ఇప్పుడు నేనే చూస్తున్నాను. దవాఖానాల సర్వర్లన్నింటికీ మార్పులు పంపే టూల్‌ను నడపడానికి నువ్వు పైథాన్‌లో రాసిన స్క్రిప్ట్, ఏ మార్పునైనా మొదట ఒక్క సర్వర్ మీద చూసి, ఎర్రర్ వస్తే అక్కడే ఆగిపోయేది. ఆలస్యమవుతోందని స్క్రిప్ట్‌లో అలా చూసే లైన్లు నేనే తీసేశాను. నిన్న నేను పంపిన మార్పులో తప్పొకటి సర్వర్లన్నింటికీ పాకింది. దవాఖానాల్లో ఓపీ చీటీలు ఆగిపోయి, పొద్దంతా రోగులు లైన్లలో నిలబడ్డారు.

"గీ స్క్రిప్ట్ ఎవరు రాసిండ్రు?" అని మీటింగ్‌లో మేనేజర్ అడిగాడు.

"అన్న రాసిందే సార్," అన్నాను.

ఆయన లాప్‌టాప్ మూసేశాడు.

"పోనియ్ పాపం, మనిషే లేడు గద."

అందరూ తలూపారు. నిన్ను క్షమించేశారన్నా. వాళ్లతో పాటు నేనూ తలూపాను.