ఆకు దంచే చప్పుడు

అత్తమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. పళ్లు లేక తమలపాకును చిన్న ఇత్తడి రోట్లో దంచుకునేదానివి కదా, ఆ చప్పుడు మొన్నటిదాకా రోజూ మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర వినిపించేది. పోయి చూస్తే ఎవరూ ఉండరు. పిల్లలు జడుసుకుంటున్నారని, పక్కింటి ఖాలా చెప్పిందని, నీ కొడుకు దర్గా నుంచి తాయెత్తు తెచ్చి గుమ్మానికి కట్టాడు.

"ఇగ ఫికర్ లేదు. అమ్మ రాదు," అన్నాడు. నిజంగానే చప్పుడు ఆగిపోయింది.

అందరూ తిన్నాక నేనొక్కదాన్నే కూర్చుంటే, నా తిండి అయ్యేదాకా ఆకు దంచుతూ తోడుండేదానివి. "మెల్లగ తిను బిడ్డా, నేనున్న గదా," అనేదానివి.

ఆ చప్పుడు ఆగినప్పటినుంచి కంట్రోలు దుకాణం జొన్నల రొట్టె గొంతు దిగడం లేదు. ఇందాక వాళ్లంతా కునుకు తీస్తుంటే తాయెత్తు విప్పేశాను. గడప దగ్గర ఆకూ వక్కా పెట్టాను. రొట్టె ముందేసుకుని కూర్చున్నాను, ఇంకా తుంచలేదు.